పుట్టిన ఊరికి పోనివ్వని చట్టం

అమెరికా నల్లజాతి కవయిత్రి ఫ్రాన్సెస్ హార్పర్ 1825లో మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో, బానిసలు కాని కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోగా బంధువులు పెంచి చదివించారు.

1853లో మేరీలాండ్ ఒక చట్టం చేసింది. ఉత్తరాది నుండి రాష్ట్రంలో అడుగుపెట్టిన స్వతంత్ర నల్లవారిని సైతం పట్టి బానిసలుగా అమ్మవచ్చునట! అప్పుడామె ఉత్తరాదిలో ఉపాధ్యాయిని. సొంత ఊరికి దారి మూసుకుపోయింది. జీవోలతోనే జీవితం గడిపిన మనకు ఒక్క వాక్యం బలమెంతో తెలియనిది కాదు గాని, ఇది మాత్రం ఘోరం.

ఉద్యోగం వదిలి 1854 నుండి బానిసత్వంపై ఊరూరా ఉపన్యసించారు. ఆ ఏడు వెలువడిన కవితా సంపుటి వేలల్లో అమ్ముడుపోయింది. రాబడిలో కొంత, పారిపోయి వచ్చే బానిసల సహాయానికి పంపేవారు.

1864లో మేరీలాండ్ బానిసత్వాన్ని రద్దు చేసింది. అంతర్యుద్ధానంతరం ఆమె దక్షిణాదికే వెళ్ళి, విముక్తులైన స్త్రీలకు పలుచోట్ల రుసుము పుచ్చుకోకుండానే ఉపన్యాసాలిచ్చారు. 1911లో ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు.