ఆగని మిషన్ చెప్పే అబద్ధం

తెలుగు సినిమా గ్రాఫిక్స్ గురించి ఎవరు రాసినా దాదాపు అవే మైలురాళ్లు: 1995లో అమ్మోరు, 2009లో అరుంధతి, 2012లో ఈగ, 2015లో బాహుబలి. దర్శకుల పేర్లు, ఆర్టిస్టుల కష్టం, బడ్జెట్ లెక్కలు అన్నీ ఉంటాయి. ఆ బొమ్మల్ని రాత్రింబవళ్లు లెక్కగట్టిన సర్వర్ల ఊసు మాత్రం ఉండదు. అవి సరిగ్గానే లెక్కగట్టాయని ఎలా తెలిసిందన్న ప్రశ్న అసలే రాదు. ఆ ప్రశ్నకీ ఒక చరిత్ర ఉంది. అందులో ఇద్దరు తెలుగువాళ్లు కూడా ఉన్నారు.

సెకనుకి 24 ఫ్రేములు. రెండున్నర గంటల సినిమా అంటే 2,16,000 ఫ్రేములు. పది సెకన్ల గ్రాఫిక్స్ షాట్‌లో ఒక్కో ఫ్రేముకి రెండు గంటలు పడుతుందనుకుందాం. ఒక్క మిషన్ అయితే 20 రోజులు. నలభై మిషన్లకి పంచితే 12 గంటలు. అలా పంచుకునే సర్వర్ల గుంపునే రెండర్ ఫార్మ్ అంటారు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో రిలీజ్ డేట్ ముందే పోస్టర్ మీద పడుతుంది కాబట్టి ఆ 12 గంటలకి చాలా విలువ.

ఈ గుంపులో ఒక మిషన్ ఆగిపోతే పెద్ద కష్టమేం కాదు. ర్యామ్ సరిగ్గా కూర్చోకపోతే బీప్ కొడుతుంది. పవర్ సప్లయి పోతే లైటే వెలగదు. దాని పని పక్క మిషన్‌కి ఇస్తాం. అసలు చిక్కు ఆగకుండా నడుస్తూ తప్పు చెప్పే మిషన్‌తో. మెమరీలో ఎక్కడో ఒక్క బిట్ సున్నాకి బదులు ఒకటి అవుతుంది. సంఖ్యలో చివరి బిట్ అయితే ఎవరికీ కనపడదు. ముందు బిట్ అయితే చీకటి సీన్ మధ్యలో ఒక చుక్క తెల్లగా మండుతుంది. అది ఆర్టిస్టు తప్పా, సాఫ్ట్‌వేర్ తప్పా, ఇనుము తప్పా?

హైదరాబాదులో ఈ ప్రశ్న కొత్తది కాదు. 1967లో ఎ.ఎస్. రావు సారథ్యంలో ఇక్కడ ఈసీఐఎల్ మొదలైంది. ట్రాంబేలో రూపకల్పన జరిగిన టీడీసీ-12 కంప్యూటర్ 1969లో ఈ సంస్థ నుంచే బయటికొచ్చింది. ఆ తరం మిషన్లలో సర్క్యూట్లు విడివిడి కార్డుల మీద ఉండేవి. దోషం పట్టే పద్ధతి సూటిగా ఉండేది: అనుమానం ఉన్న కార్డు పీకి, మంచిదని తెలిసిన కార్డు పెట్టి, మళ్లీ నడిపి చూడటం. ఇప్పటికీ ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి రాలేదు. చెడిన ఫ్రేముని వేరే మిషన్ మీద మళ్లీ రెండర్ చేస్తే చుక్క అలాగే ఉందా, సీన్‌లోనో సాఫ్ట్‌వేర్‌లోనో తప్పు. చుక్క పోయిందా, మొదటి మిషన్‌ని అనుమానించాలి.

మిషన్ తన తప్పు తానే పట్టుకోవడం మాత్రం బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. శని, ఆదివారాల్లో రిచర్డ్ హామింగ్ పెట్టిన లెక్కల్ని రిలే కంప్యూటర్ తప్పు కనిపించగానే వదిలేసేది. తప్పు ఉందని తెలుసుకోగలిగిన మిషన్, అది ఎక్కడుందో తెలుసుకుని సరిదిద్దుకోలేదా అని ఆయనకి విసుగొచ్చింది. ఆ విసుగులోంచి పుట్టిన కోడ్ 1950లో అచ్చయింది. నేటి సర్వర్ ఈసీసీ మెమరీలో 64 బిట్లకి 8 కాపలా బిట్లు ఉండటం ఆ వారసత్వమే. ఒక బిట్ తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే చెబుతుంది.

అంతకు మూడేళ్ల ముందు, 1947లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు ఆర్థోగోనల్ ఎరేల మీద పేపర్ రాశారు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ కారణాల్ని విడదీసే పట్టికలవి. హామింగ్ కోడ్లకీ వీటికీ బింబప్రతిబింబాల సంబంధం ఉందని తర్వాత తేలింది.

ఈ పట్టికల్ని మన సర్వర్‌కే వాడి చూద్దాం. అనుమానం ర్యామ్, స్లాట్, పవర్ సప్లయి మీద ఉంది. పాతవీ కొత్తవీ కలిపితే ఎనిమిది అమరికలు. నాలుగు చాలు: అన్నీ పాతవి ఒకసారి, తర్వాత ఒక్కోసారి ఒక్క పాత భాగం, మిగతా రెండూ కొత్తవి. తప్పు ఎప్పుడూ కనిపించే రకమై, దోషం ఒక్క భాగానిదే అయితే, అది ఉన్న రెండు పరీక్షల్లోనే తప్పు వస్తుంది. ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట, రాయదుర్గం దాటి గచ్చిబౌలి వెళ్తే ఆయన పేరుతో రోడ్డుంది. దాని మీద రోజూ ట్రాఫిక్‌లో నిలబడే నాలాంటి ఇంజినీర్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

సర్వర్ పడుకుంటే మన ఆఫీసుల్లో మొదటి మాట "ఏసీ సరిగ్గా లేదు". అలవాటైన అనుమానం అసలు దోషిని దాచేస్తుంది. 1978లో ఇంటెల్‌లో మే, వుడ్స్ చూపించిన దోషి ఎవరి ఊహకీ అందనిది: చిప్‌ల సిరామిక్ పెట్టెల్లోని రేడియోధార్మిక మలినాల నుంచి వచ్చే ఆల్ఫా కణాలు. 2009లో గూగుల్ సర్వర్ల మీద వచ్చిన అధ్యయనంలో ఏడాదికి ఎనిమిది శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో సరిదిద్దగల తప్పులు కనిపించాయి. వేడి ప్రభావం అనుకున్నంత లేదని, తప్పుల్లో ఎక్కువ భాగం మాడ్యూల్ లోపాలవేనని కూడా తేలింది. కాబట్టి ముందు చూడాల్సింది ఎర్రర్ లాగ్. ఒకే స్లాట్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే ఏసీ మెకానిక్‌తో పనిలేదు.

ఇదంతా ఇంజినీర్ల గొడవ అనుకోవడానికి లేదు. మొదటి తెలుగు టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాద, ఇప్పుడు చూద్దామంటే దొరకదు. అసిటేట్ రీలు చెడిపోతుంటే కనీసం వెనిగర్ వాసనైనా వస్తుంది. డిస్కులో బిట్ మారితే ఏ వాసనా రాదు. థియేటర్‌కి వెళ్లే డిజిటల్ ప్యాకేజీలో ప్రతి ఫైలుకీ సరిచూసుకునే హ్యాష్ ఉంటుంది. రిలీజయ్యాక అల్మరాలోకి చేరే డిస్కులకీ అదే అలవాటు కావాలి: ప్రతి ఫైలుకీ హ్యాష్, వేరే చోట రెండో కాపీ, ఏడాదికోసారి తీసి సరిచూడటం. లేకపోతే 2,16,000 ఫ్రేముల్లో ఏది ఎప్పుడు చెడిందో యాభై ఏళ్ల తర్వాత తెరిచినవాడికే తెలుస్తుంది. అప్పుడు పోల్చి చూద్దామన్నా రెండో కాపీ ఉండదు.