అధ్యక్షుని హత్య – ఉపాధ్యక్షుని వారసత్వం: 1881 నాటి అమెరికా అనుభవం – ఒక పరిశీలన

1. ప్రవేశిక

అమెరికా అధ్యక్షులలో నలుగురు పదవిలో ఉండగా హత్యకు గురయ్యారు. వారు అబ్రహాం లింకన్ (1865), జేమ్స్ గార్‌ఫీల్డ్ (1881), విలియం మెకిన్లీ (1901), జాన్ కెన్నెడీ (1963). నాలుగు సందర్భాలలోనూ ఉపాధ్యక్షులే అధ్యక్షులయ్యారు. కాల్పుల తరువాత లింకన్, కెన్నెడీ ఒక రోజైనా జీవించలేదు. మెకిన్లీ ఎనిమిది రోజులు జీవించాడు. గార్‌ఫీల్డ్ మాత్రం 79 రోజులు మృత్యువుతో పోరాడాడు. అందువల్ల 1881 నాటి వారసత్వం తక్కిన మూడింటికంటె భిన్నమైనది. అధ్యక్షుడు మరణిస్తే ఎవరు పాలించాలన్న ప్రశ్నకు అప్పటికే ఒక సంప్రదాయం ఏర్పడింది. ఆయన జీవించి ఉండి, పాలించలేని స్థితిలో ఉంటే ఏమి చేయాలన్న ప్రశ్నకు సమాధానం లేదు. ఆ లోటును నాటి ఉపాధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ ప్రవర్తన ఎలా పూరించిందో, ఆ పూరింపు ఎందుకు చాలలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. రాజకీయ నేపథ్యం

నాటి రిపబ్లికన్ పార్టీ ప్రభుత్వోద్యోగాల పంపకం విషయమై రెండు ముఠాలుగా చీలి ఉండేది. న్యూయార్క్ సెనేటర్ రాస్కో కాంక్లింగ్ నాయకత్వంలోని ‘స్టాల్వార్ట్’ వర్గాన్ని శాంతింపజేయడానికే 1880లో ఆర్థర్‌కు ఉపాధ్యక్ష స్థానం దక్కింది. ఆయన 1871 నుండి 1878 వరకు న్యూయార్క్ రేవులో కస్టమ్స్ కలెక్టరుగా పనిచేసి, అధ్యక్షుడు హేస్ చేత తొలగింపబడినవాడు. 1881లో గార్‌ఫీల్డ్ అదే పదవికి కాంక్లింగ్ ప్రత్యర్థిని ఎంపిక చేయగా, ఆర్థర్ తన అధ్యక్షుని పక్షాన కాక కాంక్లింగ్ పక్షాన నిలిచాడు.

ఈ వివాదం చల్లారకముందే, జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో చార్లెస్ గిటో గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిపాడు. ఉద్యోగం ఆశించి భంగపడిన ఈ వ్యక్తి, తాను స్టాల్వార్ట్‌నని, ఇక ఆర్థర్ అధ్యక్షుడవుతాడని పట్టుబడిన వెంటనే ప్రకటించాడు. ఆర్థర్‌కు ఈ నేరంతో ఏ సంబంధమూ లేదు. అయినా హత్యాయత్నం వల్ల లాభపడేవాడు ఆయనే కావడంతో ప్రజల అనుమానం ఆయన వైపు మళ్ళింది.

3. ‘అది’ అంటే ఏది?

అమెరికా రాజ్యాంగం రెండవ అధికరణం ప్రకారం అధ్యక్షుని తొలగింపు, మరణం, రాజీనామా, అశక్తత అనే నాలుగు సందర్భాలలో ‘అది’ ఉపాధ్యక్షునికి సంక్రమిస్తుంది. ‘అది’ అన్న సర్వనామం పదవిని సూచిస్తుందా, లేక పదవికి చెందిన అధికారాలను, విధులను మాత్రమే సూచిస్తుందా అన్నది స్పష్టంగా లేదు. 1841లో విలియం హెన్రీ హారిసన్ మరణించినప్పుడు ఉపాధ్యక్షుడు జాన్ టైలర్ పదవే తనకు సంక్రమించిందని వాదించి నిలబెట్టుకున్నాడు. అది మరణ సందర్భం గనుక ఆ వ్యాఖ్యానం వల్ల ఇబ్బంది కలుగలేదు. నాలుగు సందర్భాలనూ కలిపిన అదే వాక్యాన్ని అశక్తతకు అన్వయిస్తే మాత్రం చిక్కు ఏర్పడుతుంది. ఉపాధ్యక్షుడు ఒకసారి అధ్యక్షుడైతే, కోలుకున్న అధ్యక్షునికి తిరిగి వచ్చే దారి ఉండదు.

గార్‌ఫీల్డ్ మంత్రివర్గాన్ని వేధించినది ఈ చిక్కే. అటార్నీ జనరల్ వేన్ మెక్‌వీ సహా పలువురు మంత్రులు, ఆర్థర్ బాధ్యతలు స్వీకరిస్తే గార్‌ఫీల్డ్ శాశ్వతంగా పదవీచ్యుతుడవుతాడని భావించారు. అశక్తతను ఎవరు నిర్ధారించాలో కూడా రాజ్యాంగంలో లేదు. ఆర్థర్ ఎక్కువ కాలం న్యూయార్క్‌లోనే ఉండి, అధికారం చేపట్టడానికి ఏ ప్రయత్నమూ చేయలేదు. అనుమానితుడైన లబ్ధిదారు వేసే ఒక్క అడుగైనా అధికారాపహరణగా కనిపించే పరిస్థితి అది. ఫలితంగా దేశం రెండున్నర నెలలకు పైగా పనిచేయగల అధ్యక్షుడు లేకుండానే నడిచింది.

4. ప్రమాణ స్వీకారం

సెప్టెంబరు 19 రాత్రి గార్‌ఫీల్డ్ మరణించాడు. 20వ తేదీ తెల్లవారుజామున న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూలోని తన ఇంట్లో, రాష్ట్ర న్యాయమూర్తి జాన్ బ్రేడీ ఎదుట ఆర్థర్ ప్రమాణం చేశాడు. 22న వాషింగ్టన్‌లో ప్రధాన న్యాయమూర్తి మోరిసన్ వెయిట్ ఎదుట మరల ప్రమాణం చేశాడు.

ఈ రెండింటి నడుమ మరొక ప్రమాదం పొంచి ఉంది. 1792 చట్టం ప్రకారం తరువాతి వారసులు సెనేట్ తాత్కాలికాధ్యక్షుడు, ప్రతినిధుల సభ స్పీకరు. ఆ సమయంలో రెండు స్థానాలూ ఖాళీగా ఉన్నాయి. ఆర్థర్‌కు ఏమైనా జరిగితే అధికారం స్వీకరించేవారే లేరు. సెనేట్‌ను సమావేశపరిచే ప్రకటనను ఆయన ముందే రాసి, ‘అధ్యక్షుడు’ అన్న చిరునామాతో శ్వేత సౌధానికి పంపించాడు. తాను వాషింగ్టన్ చేరకపోయినా సభ సమావేశమై వారసుని ఎన్నుకోగలగడానికి ఆయన తీసుకున్న జాగ్రత్త ఇది.

5. చట్టం నేర్చుకున్నది

1881 డిసెంబరులో కాంగ్రెసుకు పంపిన సందేశంలో అశక్తత అంటే ఏమిటో, దాన్ని ఎవరు నిర్ణయించాలో తేల్చవలసిందిగా ఆర్థర్ కోరాడు. కాంగ్రెసు తేల్చలేదు. 1886 చట్టం వారసుల వరుసను మాత్రమే మార్చి, మంత్రులను అందులో చేర్చింది. 1919లో వుడ్రో విల్సన్ పక్షవాతంతో మంచాన పడినప్పుడు అదే సమస్య పునరావృతమైంది. 1967లో ఆమోదం పొందిన 25వ సవరణ మరణాన్నీ అశక్తతనూ విడదీసింది. మొదటి సందర్భంలో ఉపాధ్యక్షుడు అధ్యక్షుడవుతాడు. రెండవ దానిలో తాత్కాలికంగా బాధ్యతలు నిర్వహిస్తాడు.

భారత రాజ్యాంగం 65వ అధికరణం ఈ విభజనను మొదటి నుండీ పాటించింది. ఇక్కడ రాష్ట్రపతి మరణించినా ఉపరాష్ట్రపతి రాష్ట్రపతి కాడు. కొత్త రాష్ట్రపతి ఎన్నికయ్యేవరకు రాష్ట్రపతిగా వ్యవహరిస్తాడు. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణించినప్పుడు తెలుగువాడైన వి.వి.గిరి అలాగే వ్యవహరించారు. ఆర్థర్ ఎదుర్కొన్న ‘తరువాత ఎవరు?’ అన్న ప్రశ్నకు పార్లమెంటు అదే నెలలో చట్టం చేసి సమాధానమిచ్చింది. జులైలో గిరి రాజీనామా చేయగా, ఆ చట్టాన్ని అనుసరించే ప్రధాన న్యాయమూర్తి ఎం.హిదయతుల్లా బాధ్యతలు నిర్వహించారు.

6. ముగింపు

ఆర్థర్ అధ్యక్షుడైన తరువాత, తనను పెంచి పోషించిన ఉద్యోగాల పంపకానికే కళ్ళెం వేసే పెండిల్టన్ చట్టంపై 1883లో సంతకం చేశాడు. చరిత్రకారులు సాధారణంగా ఆయన పరివర్తనకు దీనినే నిదర్శనంగా చూపుతారు. కాని 1881 వేసవిలో ఆయన చేయకుండా ఉన్న పని కూడా అంతే ముఖ్యమైనది. ఆ నిగ్రహం ఒక రాజ్యాంగ సంఘర్షణను నివారించింది. అయితే సంఘర్షణ జరగకపోవడం వల్లనే రాజ్యాంగంలోని లోపం తీవ్రత కాంగ్రెసుకు పట్టలేదు. సవరణ రావడానికి మరో 86 సంవత్సరాలు పట్టింది. వ్యక్తుల సద్వర్తన రాజ్యాంగ లోపాన్ని కొంతకాలం కప్పిపుచ్చగలదే గాని, దానికి పరిష్కారం కాజాలదని 1881 నాటి అనుభవం తెలుపుతున్నది.