ప్రమాణ పత్రములలో ప్రథమ సంఖ్య

ఒక వస్తువు ఏ కొలతతో, ఏ గుణముతో ఉండవలెనో దేశమంతటికిని ఒకే మాటగా వ్రాసియుంచిన పత్రమునకు ప్రమాణమని పేరు. ఇట్టివానిని రూపొందించుటకు 1947 జనవరిలో భారతీయ ప్రమాణముల సంస్థ వెలసినది. ఇండ్లలోని ఇస్త్రీపెట్టెలపై మనము చూచిన ఐ.ఎస్.ఐ. గుర్తు ఆ సంస్థదే. 1987 ఏప్రిల్ 1 నుండి ఆ కార్యమును బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ నిర్వహించుచున్నది. వేలకొలది ప్రమాణములలో ఒకటవ సంఖ్య దేనిదని అడిగినచో, కృష్ణాతీరవాసులకు సంతోషము కలుగక మానదు. అది జాతీయ పతాకముది.

పతాక రూపకల్పనకై పాటుపడిన పింగళి వెంకయ్యగారు బందరునకు చేరువనున్న భట్లపెనుమర్రులో 1876లో జన్మించిరి. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించిరి. 1916లో ముప్పది నమూనాల వరకు చేర్చి పతాకమును గూర్చి ఆంగ్లమున పుస్తకము ప్రకటించిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశ సమయమున గాంధీజీకి తమ నమూనాను చూపిరి. 1947 జూలై 22న రాజ్యాంగ సభ, రాట్నమునకు బదులు ధర్మచక్రము గల త్రివర్ణ పతాకమును ఆమోదించినది. ఇంతవరకు బడిపిల్లలకును తెలిసిన కథయే.

ఆ పిమ్మట పతాకమునకు ప్రమాణ పత్రము 1951లో వెలువడినది. దేశము మెట్రిక్ కొలతలకు మారినందున 1964లో దానిని సవరించిరి. 1968లో మరల సవరించిరి. పొడవు వెడల్పులు 3:2 పాళ్ళలో ఉండవలెను. పరిమాణములు తొమ్మిది: పెద్దది 6300 × 4200 మిల్లీమీటర్లు, చిన్నది 150 × 100. చక్రమునకు ఆకులు 24. కాషాయ మనిన ఏ కాషాయమో వాదము రాకుండ, రంగులను సైతము అంకెలలో నిర్ణయించిరి.

నేడు ఈ పత్రమును అంతర్జాలములోని ప్రమాణ గ్రంథాలయమున వెదకినచో మొదట కనుపించునది పాఠము కాదు, వివరపత్రము; మన గ్రంథాలయపు సూచీకార్డు వంటిది. సంఖ్య, సంవత్సరము, శీర్షిక, రూపొందించిన సంఘము, సవరణల లెక్క, తిరిగి ధ్రువపరచిన సంవత్సరము అందుండును. రచయిత పేరునకు మాత్రము చోటు లేదు, సంఘమే కర్త. శీర్షికను తుదివరకు చదువవలెను. 'ఐ.ఎస్. 1 : 1968' శీర్షికలో నూలు ఖద్దరు అని స్పష్టముగా ఉన్నది. 2021 డిసెంబరులో పతాక నియమావళిని సవరించి పాలియెస్టరు జెండాలను అనుమతించిరి గాని, ఈ ప్రమాణము చెప్పునది ఖద్దరు జెండా మాటయే.

గ్రంథాలయ శాస్త్రజ్ఞులు ఎస్.ఆర్. రంగనాథన్ గారు ఆ సంస్థ డాక్యుమెంటేషన్ సంఘమునకు చాలకాలము అధ్యక్షులుగా ఉండిరి. గ్రంథాలయపు కొయ్య సామానులకు కూడ ప్రమాణము కలదు. అది 1978 నాటి ఐ.ఎస్. 1829, మొదటి భాగము. క్రొత్త బీరువాలు చేయించు కార్యదర్శులు ఒకసారి చూచుట మంచిది.

వివరపత్రములో మన ప్రాంతీయులు ముఖ్యముగా గమనింపవలసినది సంఖ్య వెంటనుండు సంవత్సరము. కట్టడములపై పడు భారములను గూర్చిన ఐ.ఎస్. 875 మొదట 1957లో వెలువడి, 1964లో సవరింపబడినది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములను బలిగొన్ననాడు ఆ 1964 నాటి పాఠమే అమలులో నుండెను. గాలి భారమునకు సంబంధించిన మూడవ భాగము 1987లోను, మరల 2015లోను మారినది. తూర్పు తీరమున 60 కిలోమీటర్ల వెడల్పు గల పట్టీకి తుపాను గుణకము ఒకటి 2015 ప్రతిలో చేరినది. బందరు, దివిసీమలే కాదు, గుడివాడయు ఈ పట్టీలోనిదే. తుపాను ఆశ్రయములు, ఆసుపత్రుల వంటి కట్టడములకు ఆ గుణకము 1.30. గాలి ఒత్తిడి వేగపు వర్గమును అనుసరించును గనుక, తక్కినవన్నియు సమానమైనచో ఒత్తిడి లెక్క 1.69 రెట్లగును. సంవత్సరము చూడక 1987 ప్రతి ననుసరించి కట్టిన ఆశ్రయము ఈ గుణకము లేకయే నిలిచియుండును.

పూర్వము ఈ పత్రములు కావలసినవారు పెద్ద నగరములలోని కార్యాలయములకు పోయి, వెల చెల్లించి తెచ్చుకొనవలసి యుండెను. ఇప్పుడు పేరు నమోదు చేసికొన్నవారికి ఉచితముగా లభించుచున్నవి. పాఠమంతయు ఇంజనీరుకే బోధపడవచ్చును. అతడు తెచ్చిన నక్షాలో పేర్కొన్న సంవత్సరమును వివరపత్రముతో సరిచూచుట ఏ చందాదారునికైనను సాధ్యమే.