ఓరుగంటి పూటకూటియిల్లు

వినుకొండ వల్లభరాయని కృతిగాఁ జెప్పఁబడు క్రీడాభిరామమున గోవిందమంచనశర్మయు, నాతని చెలికాఁడు టిట్టిభసెట్టియు నోరుగంటి వీథులఁ దిరుగుచుండఁగాఁ బూటకూటియింటి ప్రసంగము వచ్చినది. లక్ష్మణవజ్ఝలవారి యింట నొక్క రూకకు దొరకు భోజన మచట వర్ణితము: కప్పురభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పిడికెఁడు చక్కెర, అప్పుడు కాఁచిన యావునేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు.

ఇంతమాత్రముచేఁ బ్రతాపరుద్రుని కాలమున ధరలు చౌకయని నిర్ణయించుట తొందరపాటగును. ఓరుగల్లు 1323లో ఢిల్లీసైన్యముల వశమయ్యెను; తెనుఁగుకృతి తదనంతరకాలికము. దీనికి మూలమగు రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామ మలభ్యము. కావున నీ రూక మూలమునందలిదో, తెనుఁగుకవి కాలమునాఁటిదో తేల్చుటకు సాధనము లేదు. మఱియు నాఁటి దినకూలి యెంతయో తెలియక రూక చౌకయో ప్రియమో చెప్పరాదు.

అయినను నిశ్చయముగా గ్రహింపఁదగిన దొకటి కలదు. పక్వాన్నవిక్రయమును మనుస్మృతి బ్రాహ్మణునకు నిషేధించినది. ఇందో, వజ్ఝలవారి యింటనే యన్నము రూకకు దొరకుచున్నది. కవి దానిని నిందింపక నోరూరునట్లు వర్ణించినాఁడు. చుట్టములు లేని యూర, నొరుల దయ నపేక్షింపక, పైకమిచ్చి కడుపునిండఁ దినఁగల వాడుక కవి కాలమునకే పాదుకొన్నది. ధరకంటె నీ యాచారమే చరిత్రకారునకు విలువైన సాక్ష్యము.