డిగ్రీలు పెరిగాయి, కొలువులు పెరగలేదు: 1971 నాటి శ్రీలంక

ఉన్నత విద్య విస్తరణ, పట్టభద్రుల నిరుద్యోగం మీద ఎస్సే రాయమంటే మనలో చాలామంది ఇంజినీరింగ్ కాలేజీల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. బీటెక్ చేసి ఈ పుస్తకాల ముందు కూర్చున్న నేనూ అంతే. కానీ అంతకు చాలా ముందే ఈ కథంతా మన పక్కనున్న సిలోన్‌లో, అంటే నేటి శ్రీలంకలో జరిగిపోయింది.

1942లో సిలోన్ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు అందులో 1,000 మంది కూడా లేరు. 1945లో విద్యామంత్రి కన్నంగర చొరవతో కిండర్‌గార్టెన్ నుంచి యూనివర్సిటీ దాకా చదువు ఉచితమైంది. 1959లో విద్యోదయ, విద్యాలంకార అనే రెండు బౌద్ధ విద్యాకేంద్రాలు విశ్వవిద్యాలయాలయ్యాయి. 1960ల మధ్యకల్లా దేశంలో యూనివర్సిటీ విద్యార్థులు 10,000 దాటారు.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. పెరిగిన సీట్లు ఏవి? ఎక్కువ భాగం ఆర్ట్స్ సీట్లు, అవీ మాతృభాషలో. వాటికి ల్యాబులు అక్కర్లేదు, ఖర్చు తక్కువ. మెడిసిన్, ఇంజినీరింగ్ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండిపోయాయి. ప్రైవేటు కంపెనీలకూ ఇంగ్లిష్ వచ్చినవాళ్లే కావాలి. పల్లె నుంచి వచ్చిన సింహళ విద్యార్థులు ఇంగ్లిష్‌కు పెట్టుకున్న పేరు 'కడువ', అంటే కత్తి. ఇక మిగిలింది సర్కారు కొలువే: టీచరో, గుమాస్తానో. సర్కారు ఆదాయానికి ఆధారం తేయాకు, రబ్బరు, కొబ్బరి. 1960ల్లో ఎగుమతి ధరలు దెబ్బతిని, విదేశీ మారకానికి కటకట వచ్చింది. కొత్త ఉద్యోగాలు ఎక్కణ్నుంచి వస్తాయి?

1971 ఏప్రిల్‌లో జేవీపీ తిరుగుబాటు వచ్చింది. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది చదువుకున్న గ్రామీణ యువకులే. సిరిమావో బండారనాయకే ప్రభుత్వం దాన్ని అణచివేసింది, భారత్ కూడా సైనిక సాయం పంపింది. చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు.

అదే ఏడాది డడ్లీ సీర్స్ నాయకత్వంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ బృందం సిలోన్ వెళ్లింది. ఆ బృందం తేల్చిన విషయం మీ నోట్సులో ఉండాలి: సమస్య ఉద్యోగాల సంఖ్య ఒక్కటే కాదు, చదువు రేపిన ఆశకూ దొరికే పనికీ మధ్య ఉన్న దూరం కూడా. సర్కారు కొలువులో జీతం, పెన్షన్, గౌరవం అన్నీ ఎక్కువ. కాబట్టి పొలానికి వెళ్లకుండా ఏళ్ల తరబడి ఎదురుచూడటం సోమరితనం కాదు, లెక్క ప్రకారం సరైన పనే. (నాలుగో అటెంప్ట్‌కు కూర్చునేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.)

ఉచిత చదువే కొంప ముంచిందనే వాదన మీకు తగలొచ్చు. నేను ఒప్పుకోను. తప్పు తలుపు తెరవడంలో లేదు. లోపల చౌక గదులు మాత్రమే కట్టి, జీతాల తేడానూ ఇంగ్లిష్ గోడనూ అలాగే ఉంచడంలో ఉంది.

ప్రభుత్వం ఆ గోడను వదిలేసి సీట్ల పంపకం మీద పడింది. 1970ల మొదట్లో వచ్చిన 'స్టాండర్డైజేషన్' వల్ల మెడిసిన్, ఇంజినీరింగ్ సీట్లకు తమిళ విద్యార్థులు సింహళ విద్యార్థుల కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత జిల్లా కోటాలు వచ్చాయి. జాఫ్నా కుర్రాళ్లలో కోపం రగిలింది. శ్రీలంక తమిళ సమస్య మీద జవాబును మనం మామూలుగా 1983 అల్లర్లతో మొదలుపెడతాం. ఈ అడ్మిషన్ల గొడవ దానికి పదేళ్లకు పైగా ముందుది.