భోగిపండ్లు, వేపపూత, గంగమ్మ శిరస్సు

ఋతువు మారు సందున పీడ ప్రవేశించునను భయము అనేక దేశములందు కలదు. వేలూరు, కాట్పాడి, గుడియాత్తము ప్రాంతముల తెలుగువారిలో ఈ భయము ఏయే దినములను ఆశ్రయించియున్నదో తెలిసికొనుటకు జపాను దేశపు ఆచార మొకటి మంచి పోలిక.

జపానీయులు ఫిబ్రవరి 3వ తేదీ ప్రాంతమున ‘సెత్సుబున్’ జరుపుదురు. మరునాడు వారి పంచాంగమున వసంతారంభము. ఆ రాత్రి వేయించిన సోయాగింజలు విసరుచు, దయ్యములను వెలుపలికి పొమ్మనియు భాగ్యమును లోనికి రమ్మనియు కేకలు వేయుదురు. పిమ్మట తమ వయస్సెంతో అన్ని గింజలు తిందురు. దీనికి పూర్వరూపమైన భూతోచ్చాటన క్రతువు చీనానుండి వచ్చినది. 706లో అంటువ్యాధిచే జనులు పెక్కురు మరణింపగా దానిని జరిపినట్లు ‘షోకు నిహోంగి’ అను వారి చరిత్రగ్రంథము చెప్పుచున్నది.

మన భోగియు సంధిదినమే. సెత్సుబున్ వలెనే సూర్యగతి ననుసరించినది. ధనుర్మాసము ముగియు దినమగుటచే, చాంద్రమానము పాటించు మనకును సౌరమానము పాటించు తమిళులకును అది ఒకేనాడు వచ్చును. తెల్లవారకమున్నే వాకిట మంటయు, పిల్లల చిన్న డప్పుల మ్రోతయు ఇరువురకు ఉమ్మడి. సాయంకాలపు భోగిపండ్లు మాత్రము మనవి. రేగుపండ్లు, నానిన శనగలు, చెరకు ముక్కలు, పూరేకులు, చిల్లర నాణెములు కలిపి, పసిబిడ్డకు దిష్టి తీసి తలపై పోయుదురు. జపానీయులు గింజలను దయ్యముపై విసరుచుండగా మనవారు బిడ్డపైననే పోయుచున్నారు. ఈ భేదము ఆలోచింపదగినది.

భోగినాడు తమిళనాట అందరినోట వినవచ్చు మాట యొకటి కలదు: పాతవి తొలగుట, క్రొత్తవి చేరుట. నిజమునకది పండుగను గూర్చినది కాదు. 13వ శతాబ్దమున జైనముని భవనంది రచించిన ‘నన్నూల్’ వ్యాకరణమున మాటలను గూర్చిన సూత్రమది. కాలగతిచే పాతమాటలు పోవుటయు క్రొత్తవి వచ్చుటయు దోషము కాదని ఆయన తీర్పు. తెలుగు చెప్పు ఉపాధ్యాయునకు ఈ తీర్పు సులభముగా మ్రింగుడుపడదు. 2006 నాటి చట్టముతో మొదలై క్రమముగా బడులందు తమిళము తప్పనిసరి యైనది; పొరుగుభాష నేర్చుట మేలే. కాని తలపై భోగిపండ్లు పోయించుకొనిన పిల్లలే తరగతిలో ఆ పండును ‘ఎలందపళం’ అందురు. ‘రేగు’ అను మాట వారి చెవిని బడునది ఆ ఒక్క సాయంకాలమే. ఆచారము మానిన ఇండ్లలో ఆ మాటయు లేదు.

జపానులో పీడను తరుముటయు వసంతమును పిలుచుటయు ఒకే రాత్రి పని. మనకు భోగికిని ఉగాదికిని నడుమ రెండునెలలకు పైగా ఎడమున్నది. చైత్రశుద్ధ పాడ్యమి నాడు చాంద్రమానము మనలను పొరుగువారినుండి వేరుచేయును. వారి సంవత్సరాది ఏప్రిల్ 14 ప్రాంతమున వచ్చు చిత్తిరై మొదటి దినము. వేపపూత మాత్రము ఇరువురి వంటలందును ఉండును.

వసంతము వచ్చినంతమాత్రమున ఈ సీమలో భయము తీరదు. ఇచట జనులు వెరచినది చలికి కాదు, ఎండలకును వాటితో వచ్చు అమ్మవారికిని. ఉగాదినాడు పూత నిచ్చిన వేపయే వేసవిలో మండలై గుడులకు చేరును. తమిళుల వైకాశి మొదటి దినమున, అనగా మే నడుమ, గుడియాత్తమున గంగమ్మ శిరస్సు ఉత్సవము జరుగును. తరణంపేట ముత్యాలమ్మ గుడినుండి శిరస్సును ఊరేగించి, దారిపొడవున టెంకాయలు కొట్టుచు, కౌండిన్యానది గట్టుననున్న గోపాలపురము గుడికి తెచ్చి మొండెమునకు చేర్తురు. రేణుక కథ దీనికి ఆధారము. ఆ నది చిత్తూరు సీమనుండి దిగివచ్చునదే. తిరుపతి గంగమ్మ జాతరయు మే మాసముననే. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడువరకు తిరుపతియు గుడియాత్తమును ఒకే ఉత్తరార్కాటు జిల్లాలోనివి. ఇరుచోట్ల గంగమ్మ వేసవియందే కొలువందుట వింత కాదు. మశూచి లోకమునుండి తొలగినదని 1980లో ప్రకటింపబడినది. శిరస్సు ఉత్సవము నేటికిని జరుగుచున్నది.