గుంటూరు పిల్ల చూసిన ఓడ



టైటానిక్ ఓడ పేరు వినని వాళ్లు మనలో ఉండరు. సినిమా చూసినవాళ్లున్నారు, పుస్తకాలు చదివినవాళ్లున్నారు. కాని ఆ ఓడ మునిగిన రాత్రి బతికి బయటపడినవాళ్లలో మన గుంటూరులో పుట్టిన పన్నెండేళ్ల పిల్ల ఒకతె ఉందన్న సంగతి ఎంతమందికి తెలుసు? ఇవాళ ఆ పిల్లను గురించీ, ఆ ఓడ ఉక్కు శరీరాన్ని వందేళ్లు దాటాక కంప్యూటరులో మళ్లీ నిలబెడుతున్న పనిని గురించీ చెప్పుకుందాం. ఒకటి మనిషి కథ, ఒకటి ఇనుము కథ. రెండూ ఒకచోట కలుస్తాయి.

ఆ పిల్ల పేరు రూత్ బెకర్. 1899 అక్టోబరు 28న గుంటూరులో పుట్టింది. తండ్రి ఆలెన్ బెకర్ అమెరికన్ లూథరన్ మిషనులో పని చేసేవారు. 1842లో హేయర్ గారు వచ్చి మొదలుపెట్టిన మిషను అది. ఆడవాళ్లకు వైద్యం చేయడానికి 1883లో డాక్టర్ అన్నా కూగ్లర్ గుంటూరు వచ్చిందీ ఆ మిషను తరపునే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె అన్నీ అందులోవే. బాపట్ల వేరే జిల్లా అయి రేపల్లెను తనతో తీసుకుపోయింది 2022లోనే కదా. కాబట్టి తెనాలివారైనా, రేపల్లెవారైనా రూత్‌ను మన జిల్లా ఆడపడుచు అనుకోవడంలో తప్పులేదు.

రూత్‌కు నాలుగేళ్ల చెల్లెలు మారియన్, రెండేళ్లు నిండని తమ్ముడు రిచర్డ్. ఆ పసివాడికి జబ్బు చేసింది. అమెరికా తీసుకువెళితేనే మంచిదన్నారు. తండ్రి ఇక్కడే ఉండిపోయారు. తల్లి నెల్లీ ముగ్గురు పిల్లలనూ వెంటబెట్టుకుని బయలుదేరింది. బిడ్డ ఒంట్లో బాగాలేనప్పుడు మగదిక్కు లేకుండా ప్రయాణం చేయడం ఎలాంటిదో మనకు వేరే చెప్పాలా? ఇంగ్లండు చేరి, 1912 ఏప్రిల్ 10న సౌతాంప్టన్ రేవులో రెండో తరగతి టిక్కెట్టుతో టైటానిక్ ఎక్కారు. కొత్త ఓడ, అదే తొలి ప్రయాణం.

ఇప్పుడు ఆ ఓడ ఎలా కట్టారో చూద్దాం. ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ ఊళ్లో హార్లండ్ అండ్ వుల్ఫ్ వారు కట్టారు. పొడుగు 269 మీటర్లు. ముందు అడుగున వెన్నెముకలాంటి ఉక్కుదూలం వేసి, దాని మీద అటూ ఇటూ పక్కటెముకలు నిలబెట్టారు. ఓడ నడిమి భాగంలో ఎముకకూ ఎముకకూ మూడడుగుల ఎడం. మంచుముక్కలు తగిలే ముందుభాగంలో రెండేసి అడుగులకే ఒకటి. వాటి మీద అంగుళం మందం, ముప్పై అడుగుల దాకా పొడుగు ఉన్న ఉక్కు రేకులు తొడిగారు. పెంకుటింటి కప్పు మీద పెంకు అంచున పెంకు ఎక్కుతుందే, అలాగ రేకు అంచు మీద రేకు అంచు. ఈ అంచులను కలిపి పట్టేవి రివెట్లు.

ఆ రోజుల్లో ఓడలకు వెల్డింగు లేదు. రివెట్టును కొలిమిలో ఎర్రగా కాల్చి, రెండు రేకుల బెజ్జాల్లోనూ దూర్చి, రెండోవైపు సమ్మెటతో తల కొట్టేవారు. చల్లారేకొద్దీ అది కుదించుకుని రేకులను బిగించేస్తుంది. మన కమ్మరి బండిచక్రానికి ఇనుప పట్టాను కాల్చి తొడిగి నీళ్లు పోస్తాడు చూడండి, అదే సూత్రం. టైటానిక్‌కు అలా కొట్టిన రివెట్లు సుమారు 30 లక్షలు! నడిమి భాగంలో యంత్రంతో ఉక్కు రివెట్లు బిగించారు. ముందూ వెనకా వంపుల్లో యంత్రం పట్టదు. అక్కడ చేత్తో ఇనుప రివెట్లు కొట్టారు. ఓడకు దెబ్బ తగిలింది ముందువైపునే.

ఓడ లోపల పదిహేను అడ్డుగోడలు కట్టి పదహారు గదులు చేశారు. ముందున్న నాలుగు గదులు నిండినా ఓడ తేలుతుందని లెక్క. కాని ఆ గోడలు పైకప్పు దాకా వెళ్లలేదు. మన పోపులపెట్టె తీసుకోండి. గళ్ల మధ్య అడ్డు మూతదాకా లేకపోతే, పెట్టె ఒరిగినప్పుడు ఆవాలు జీలకర్ర గడిలోకి, జీలకర్ర మెంతుల గడిలోకి పొర్లవూ? ఏప్రిల్ 14 రాత్రి 11 గంటల 40 నిమిషాలకు మంచుకొండ రాసుకున్నప్పుడు ముందున్న ఆరు గదుల్లోకి నీరు వచ్చింది. ముందుభాగం కిందికి ఒరిగినకొద్దీ గోడ మీదుగా పక్క గదిలోకి, అక్కణ్ణుంచి ఆ పక్కదానిలోకి పొర్లింది. రెండు గంటల నలభై నిమిషాల్లో అంతా అయిపోయింది.

పైన డెక్కు మీద నెల్లీ బెకర్ పిల్లలతో నిలబడి ఉంది. చలి కొరికేస్తోంది. దుప్పట్లు తెమ్మని పెద్దకూతురు రూత్‌ను గదికి పంపింది. దుప్పట్లతో వచ్చేసరికి పదకొండో నంబరు పడవలో చిన్నపిల్లలిద్దరినీ ఎక్కించేశారు. తల్లి వాళ్లతో ఎలాగో ఎక్కింది. రూత్‌కు చోటు లేదన్నారు. వేరే పడవ ఎక్కమని తల్లి కేకవేసింది. ఆ పిల్ల ఏడుస్తూ కూర్చోలేదు. పదమూడో నంబరు పడవ దగ్గరికి వెళ్లి, ఎక్కవచ్చునా అని అడిగి ఎక్కింది. పడవలో బొగ్గు వేసే కార్మికులు పలచటి బట్టల్లో గజగజ వణుకుతున్నారు. అమ్మ కోసం తెచ్చిన దుప్పట్లు వాళ్లకు కప్పింది.

ఆ రాత్రి సుమారు 1500 మంది పోయారు. ఓడ మీద ఉన్న పడవలు ఇరవై. అవన్నీ నిండినా 1178 మందికే చోటు, ఉన్నవాళ్లు రెండు వేల పైచిలుకు. మొదటి తరగతి ఆడవాళ్లు నూటికి 97 మంది బతికారు. మూడో తరగతి ఆడవాళ్లలో సగంమంది కూడా బతకలేదు. కార్పేథియా అనే ఓడ వచ్చి ఎక్కించుకున్నాక తల్లీ కూతుళ్లు మళ్లీ కలుసుకున్నారు. పసివాడు రిచర్డ్ కూడా బతికి, 1975 దాకా జీవించాడు.

పడవలోంచి రూత్ కళ్లారా చూసిన సంగతి ఒకటి ఉంది. దీపాల వరసలు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగిపోయాయనీ, ఓడ నడిమికి విరిగినట్టయి వెనకభాగం పైకి లేచి కాసేపు నిలబడి మునిగిందనీ చెప్పింది. ఆమె ఒక్కతే కాదు, మరికొందరూ అదే చెప్పారు. అయినా 1912లో ఇంగ్లండులో లార్డ్ మెర్సీ అధ్యక్షతన జరిగిన విచారణ ఓడ విరగకుండా మునిగిందనే తేల్చింది. అంత ఉక్కు విరుగుతుందా అన్నారు. ఓడలో బతికి బయటపడ్డ పెద్ద అధికారి మాట ఒకవైపు, పడవల్లో వణుకుతూ కూర్చున్న ఆడవాళ్లూ, పిల్లలూ, కూలీలూ చెప్పిన మాట ఒకవైపు. త్రాసు ఎటు మొగ్గిందో మీరే ఊహించుకోండి.

73 ఏళ్లు గడిచాయి. 1985 సెప్టెంబరు 1న అమెరికా, ఫ్రెంచి పరిశోధకులు 3800 మీటర్ల లోతున ఓడను కనుక్కున్నారు. అది రెండు ముక్కలుగా ఉంది! ముక్కకూ ముక్కకూ మధ్య అరకిలోమీటరుకు పైగా దూరం. అప్పటికి రూత్ ఎనభై ఆరో ఏట ఉంది.

ఓడ కనిపించడంతో కథ ముగిసిందా అంటే లేదు. ఎందుకు విరిగింది, ఎక్కడ విరిగింది, ఇంకెన్ని గదులు చెడితే ఎంతసేపు తేలేది? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే ఓడను మళ్లీ కట్టి చూడాలి. ఆ కట్టడం ఇప్పుడు కంప్యూటరులో జరుగుతోంది. మొదటి ఆధారం కట్టినప్పటి నక్షాలు. రెండోది దీని అక్కలాంటి ఓడ ఒలింపిక్. దాన్ని 1935 తర్వాత విడగొట్టేశారు కాని ఫొటోలు బోలెడు మిగిలాయి. మూడోది సముద్రం అడుగున ఉన్న ఓడే. 2022లో మాగెల్లన్ అనే సంస్థ మనిషి లేకుండా నడిచే యంత్రాలను దింపి, 200 గంటలకు పైగా తిప్పి, 7 లక్షల 15 వేల ఫొటోలు తీసింది. చుక్కల ముగ్గు ఎలా వేస్తాం? చుక్కలు పెట్టి, వాటిని కలిపితే ఆకారం వస్తుంది. ఇదీ అంతే. ఫొటోల్లోంచి తీసిన కోట్ల చుక్కలను కంప్యూటరు కలిపితే ఓడ పైరూపం నిలబడుతుంది.

లోపలి ఎముకలు మాత్రం ఫొటోకు అందవు. వాటిని నక్షాలు చూసి ఒక్కొక్కటే వేసుకోవాలి. ముందు అడుగుదూలం, తరవాత పక్కటెముకలు, అడ్డుదూలాలు, చివరికి రేకులు. రవికె కత్తిరించేటప్పుడు కొలతలో అరంగుళం తేడా వస్తే చంక దగ్గర పట్టేస్తుంది చూడండి, ఇక్కడా అంతే. ఒక ఎముక వంపు తప్పితే పైన రేకు కూర్చోదు.

ఇంత శ్రమకు ఫలితం లేకపోలేదు. 2025లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వారు ఆ రాపిడిని లెక్క కట్టి చూశారు. మంచుకొండ ఓడను నిలువునా చీల్చలేదు. వరసగా చిన్నచిన్న చిల్లులు పడ్డాయి, ఒక్కోటి మనం ఉత్తరం రాసే కాగితమంత. అంత పెద్ద ఓడను ముంచడానికి అవే చాలాయి. జెన్నిఫర్ మెకార్టీ అనే లోహశాస్త్రవేత్త, తిమొతీ ఫెక్ అనే ఆయనా సముద్రంలోంచి తీసిన రివెట్లను కోసి చూశారు. ఇనుప రివెట్లలో చిట్టెం ఎక్కువగా ఉందనీ, అందుకే తలలు ఊడి అతుకులు విడిపోయి ఉంటాయనీ 2008లో పుస్తకం రాశారు. అంటే కొలిమి దగ్గర జరిగిన చిన్న లోపం నడిసముద్రంలో బయటపడిందన్నమాట.

ఇంకొక మాట. విరిగినచోట కనిపించే బాయిలర్లు కొన్ని లోపలికి సొట్టపడి ఉన్నాయి. నీళ్లలో మునిగేటప్పటికి అవి ఇంకా పనిచేస్తూ ఉన్నాయని దానికి అర్థం. చివరిదాకా దీపాలు వెలిగాయని రూత్‌లాంటివాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. ఆ దీపాల కోసం లోపలే ఉండిపోయిన ఇంజనీర్లలో ఒక్కరూ బతకలేదు.

రూత్ టీచరయింది, పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కన్నది. ఆ రాత్రి సంగతి చాలా ఏళ్లు సొంత పిల్లలకు కూడా చెప్పలేదట. ఉద్యోగం విరమించాకే నోరు విప్పింది. 1990 జులైలో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూసింది. 1994లో ఆమె అస్థికలను టైటానిక్ మునిగినచోటే సముద్రంలో కలిపారు.

సముద్రం సంగతి మనకు ఒకరు చెప్పాలా? 1977 నవంబరు 19 ఉప్పెన రేపల్లె, బాపట్ల తీరాల్లో ఇంటింటికీ తెలుసు. ఆ రాత్రిని చూసిన అత్తలూ, అమ్మమ్మలూ ఇంకా మన ఇళ్లల్లో ఉన్నారు. నీరు ఏ వైపునుంచి వచ్చింది, ఎంత ఎత్తు వచ్చింది, ఏ గోడ నిలిచింది, ఏది కూలింది? వాళ్లను అడిగి తెలుసుకోండి. పిల్లల నోటుపుస్తకంలో రాయించి, తేదీ వేసి దాచండి. పడవలో కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల చెప్పింది నిజమని తేలడానికి 73 ఏళ్లు పట్టింది. మన ఇంట్లో పెద్దామె చెప్పేదాన్ని అంతకాలం నీళ్లలో వదిలేయకండి.